ఘర్ఘరుడి గుహలో గాలితూకం

రసకూట పర్వతం నిండా ఇంగిలీకపు రాతి చారలే. తొలికిరణం సోకగానే ఆ చారలన్నీ ఒక్కసారిగా ఎర్రబారి, ఎవరో కొండకు పాదం నుంచి శిఖరం దాకా పారాణి దిద్దినట్టు మెరిసిపోయాయి. నడుమన తెల్లని మబ్బు వడ్డాణంలా చుట్టుకుంది. తలమీద మంచు ముత్యాల పాపిటబిళ్ళలా తళతళలాడింది. అడవిమల్లెల పరిమళాన్ని మోసుకొచ్చిన పిల్లగాలి, చెట్టుచెట్టునూ పలకరించి, పక్షుల చేత పాట పాడించి వెళ్ళింది.

ఆ వేకువలో ఇద్దరు బాటసారులు కొండ ఎక్కుతున్నారు. ముందు నడుస్తున్నది ఒక యువ రసవైద్యుడు. తలపాగా, భుజాన మూలికల సంచి, నడుముకు మందుల కుప్పెలు, చేతిలో వెలుగుతున్న చిన్న ఇత్తడి దీపం. వెనక నడుస్తున్నవాడు బొజ్జతో, బుగ్గలతో, ఆయాసంతో ఉన్న ఒక నడివయసు మనిషి. అతని భుజం మీద పొడవాటి వెదురుబొంగు ఉంది. దానిని పసిబిడ్డను ఎత్తుకున్నంత భద్రంగా పట్టుకున్నాడు.

ఆ వైద్యుడు నిజానికి వైద్యుడు కాడు, పురుషుడూ కాడు. ముక్తాపుర రాజ్యాన్ని ఏలే సుధన్వ మహారాజు ఏకైక పుత్రిక కల్హారదేవి. వెనక వస్తున్నవాడు గాజుల సోమలింగం. గాజును ఊది కావలసిన ఆకారం తెప్పించడంలో ఆ రాజ్యంలో అతన్ని మించినవాడు లేడు. చిన్నతనంలో పట్టుబట్టి అతని కొలిమి దగ్గరే గాజు ఊదడం నేర్చుకున్న రాజకుమార్తె అతన్ని బాబాయ్ అనే పిలుస్తుంది.

ముక్తాపురం ముత్యాల మీద బతికే రాజ్యం. కిందటేడు మబ్బుతునక లేని ఉదయాన ముత్యాల పడవలు కడలి మీదికి వెళ్ళాయి. సాయంకాలానికి తుఫాను విరుచుకుపడింది. వెళ్ళిన పడవల్లో సగమే తిరిగి వచ్చాయి. ఒడ్డున నిలబడి ఎదురుచూసిన స్త్రీల మధ్య కల్హారదేవి కూడా నిలబడింది. ఆనాటి నుంచి ఆమెకు ఒకటే పట్టుదల. గాలి విరుచుకుపడే ముందు ఏదో ఒక గుర్తు ఇవ్వకుండా ఉండదు. ఆ గుర్తును పట్టే సాధనం చేయాలి.

గాలికి బరువు ఉంటుందని ఆమె నమ్మకం. కోటబురుజు పొడవునా రాగిగొట్టం నిలబెట్టి, పైన సోమలింగం ఊదిన గాజుబుడ్డి బిగించి, నిండా నీళ్ళు పోసి, పై మూత బిగించి, అడుగు కొసను నీటితొట్టిలో ముంచి తెరిచారు. నీళ్ళన్నీ కారిపోలేదు. కొంత దిగి ఆగిపోయాయి. బయటి గాలి తొట్టిలోని నీటిని అదుముతూ, గొట్టంలోని నీటిని పైకి నిలబెడుతోందన్నమాట. వాన ముంచుకొచ్చే రోజుల్లో ఆ నీటిమట్టం దిగేది. ఎండ కాసే రోజుల్లో ఎక్కేది. రాజకుమార్తె సంతోషానికి మేర లేదు. కాని బురుజును పడవలో పెట్టుకుని వెళ్ళడం ఎలా?

నీటికంటే ఎన్నో ఇంతలు బరువైన పాదరసమైతే రెండు మూరల గాజుగొట్టం చాలు. ఆ పాదరసం ఉన్నది రసకూటం మీద, ఘర్ఘరుడనే మాంత్రికుడి గుహలో మాత్రమే. వైద్యులు అడిగితే అతడు దోసెడు ఇస్తాడు. రాజవంశంవాళ్ళు గుమ్మం తొక్కితే శిలలను చేస్తాడు. అందుకే ఈ మారువేషం. దారిలో వాగులు పొంగి ఆలస్యమైంది. ఈ ఉదయమే ముత్యాల పడవలు బయలుదేరే ముహూర్తం. అందుకే ఈ పరుగు.

"అమ్మా, కాస్త ఆగండి," అన్నాడు సోమలింగం.

"అమ్మా కాదు బాబాయ్. అయ్యా అనాలి."

"అయ్యా, కాస్త ఆగండి తల్లీ. నా ఊపిరి వెనకాల ఎక్కడో ఉండిపోయింది."

కల్హారదేవి నవ్వు ఆపుకుని ఆగింది. ఆగడమే మంచిదైంది. ఎదురుగా దారి ఒక ఇరుకైన లోయలోకి దిగుతోంది. లోయ అడుగున లేడి ఎముకలు, నక్క ఎముకలు, రెక్కలు విప్పుకునే పడి చచ్చిన కొంగలు. ఎక్కడా నెత్తురు లేదు. గాలి కదలడం లేదు.

రాజకుమార్తె దీపానికి తాడు కట్టి మెల్లగా లోయలోకి దించింది. నిలువు లోతు దాకా చక్కగా వెలిగింది. ఇంకాస్త దించగానే ఎవరో నోటితో ఊదినట్టు ఆరిపోయింది.

"కింద ఉన్నది ఊపిరికి పనికిరాని గాలి. బరువైనది కాబట్టి గుంటలో నీళ్ళలా నిలిచిపోయింది," అంది ఆమె. "మనం అంచు రాళ్ళ మీదుగా పోదాం. ఏం జరిగినా కిందికి వంగకు."

దీపం మళ్ళీ వెలిగించి మోకాలి ఎత్తున వేలాడదీసుకుని, అది రెపరెపలాడినప్పుడల్లా ఒక రాయి పైకెక్కుతూ సాగారు. లోయ దాదాపు దాటారు. చివరి మలుపులో సోమలింగం కాలికింద రాయి దొర్లింది. అతడు తూలి కొండను కరిచి పట్టుకున్నాడు. భుజం మీది వెదురుబొంగు జారి, దడదడ దొర్లుకుంటూ వెళ్ళి లోయ అడుగున, కొంగల నడుమ ఆగింది.

ఆ బొంగులో దూది చుట్టి పెట్టిన గాజుగొట్టం ఉంది. బుడగ లేని గొట్టం కుదరడానికి సోమలింగం ఎన్ని గొట్టాలు పగలగొట్టాడో అతనికే తెలుసు. అతడు వంగబోయాడు.

"వద్దన్నానా," అంటూ కల్హారదేవి తలపాగా విప్పింది. ఒక కొస నడుముకు బిగించుకుని, రెండో కొస అతని చేతికిచ్చింది. "నేను చెయ్యి ఎత్తగానే లాగు. ఎత్తకపోయినా లాగు."

గుండెల నిండా గాలి పీల్చి, ఆమె దూకింది. కళ్ళు మండాయి. చెవుల్లో హోరు. రెండు గంతుల్లో బొంగును చేజిక్కించుకుంది. వెనుదిరిగేసరికి కాలు ఎముకల్లో ఇరుక్కుంది. ఛాతీ పగిలిపోతుందేమో అనిపించింది. బలంకొద్దీ కాలు విదిలించి చెయ్యి ఎత్తింది. పైన సోమలింగం తన బొజ్జ బరువంతా వెనక్కి వేసి లాగాడు. బొంగుతో సహా ఆమె గట్టు మీదికి వచ్చి పడింది. కాసేపు ఇద్దరూ వెల్లకిలా పడుకుని, ఊపిరి పీల్చుకోవడమే పెద్ద విందు అన్నట్టు పీల్చుకున్నారు. తరవాత అతడు బొంగు మూత తీసి చూశాడు. గొట్టానికి గీత కూడా పడలేదు.

"నా బిడ్డే," అన్నాడు గొట్టాన్ని నిమిరి. ఆ మాట గొట్టాన్ని అన్నాడో, రాజకుమార్తెను అన్నాడో అతనికే తెలియలేదు.

కల్హారదేవి తలపాగా మళ్ళీ చుట్టుకుంది. లోయ దాటగానే గుహ. గుహద్వారానికి రెండు వైపులా పగడపు రంగు స్తంభాలు. లోపల పైకప్పు నుంచి స్ఫటికాల గుత్తులు వేలాడుతున్నాయి. ఆ నడుమ, పున్నమి చంద్రుణ్ణి కరిగించి పోసినట్టు నిశ్చలంగా, వెండిలా ధగధగలాడుతూ పాదరసపు కొలను. ఒడ్డున పులితోలు మీద ఘర్ఘరుడు కూర్చున్నాడు. మోకాళ్ళ దాకా గడ్డం. వేలివేలికీ ఒక్కో రంగు రాయి పొదిగిన ఉంగరం. పుక్కిట నీళ్ళు గొడగొడలాడించినట్టు ఉంటుంది అతని కంఠం.

"ఎవరు మీరు?"

"స్వామీ, నేను రసవైద్యుణ్ణి. ఇతడు నా అనుచరుడు. రోగులకోసం దోసెడు పాదరసం అర్థించడానికి వచ్చాం."

"అలాగా. ముందుకు వచ్చి కొలనులోకి చూడు."

ఆమె చూసింది. ఆ పాదరసపు అద్దంలో తలపాగా లేదు, మూలికల సంచి లేదు. పొడవాటి జడతో, ముత్యాల ముక్కుపుడకతో రాజకుమార్తె కనిపిస్తోంది. ఆ కొలను వేషాన్ని చూపదు, మనిషిని చూపుతుంది.

"రాజరక్తం," అంటూ ఘర్ఘరుడు లేచి మంత్రదండం ఝళిపించాడు. అడ్డుపడిన సోమలింగం మోకాళ్ళ దాకా నల్లరాయి అయిపోయాడు. "ఇక్కడికి వచ్చిన ప్రతి రాజూ బంగారం చేసిపెట్టమని వచ్చినవాడే. నీకెంత కావాలి?"

"నాకు బంగారం అక్కర్లేదు. అబద్ధం ఆడినందుకు క్షమించండి. మేము గాలిని తూచడానికి వచ్చాం."

మాంత్రికుడి దండం గాలిలోనే ఆగింది. "ఏమిటీ?"

"గాలిని తూచడానికి. తుఫాను వచ్చేముందు గాలి బరువు తగ్గుతుంది. అది ముందే తెలిస్తే మా పడవలవాళ్ళు ప్రాణాలతో ఒడ్డుకు చేరతారు."

ఘర్ఘరుడు గొడగొడమని నవ్వాడు. "గాలిలో తిరిగే భూతాలను పట్టి ఊడిగం చేయించుకుంటున్నవాణ్ణి నేను. గాలికి బరువేమిటి? చూపించు. చూపిస్తే కావలసినంత పాదరసం తీసుకుపో. చూపించలేకపోతే ఇతని మిగతా శరీరంతోపాటు నువ్వూ రాయివవుతావు."

"చూపిస్తాం. బాబాయ్, నీ చేతులు బాగానే ఉన్నాయా?"

"చేతులు బాగున్నాయమ్మా. కాళ్ళే చల్లగా ఉన్నాయి."

ఒక కొస మూసి ఉన్న గాజుగొట్టం నిండా సోమలింగం పాదరసం పోశాడు. తెరిచిన కొసను వేలితో మూసి, తలకిందులు చేసి, పాదరసం ఉన్న గిన్నెలో ముంచి వేలు తీశాడు. గొట్టంలోని పాదరసం సర్రున దిగింది. ముప్పావు మట్టానికి కాస్త పైన ఊగి ఊగి ఆగిపోయింది. పైన గొట్టం కొసన జానెడు కంటే తక్కువ ఖాళీ ఏర్పడింది.

ఘర్ఘరుడు ముక్కు గాజుకు తాకేంత దగ్గరగా వంగాడు. "మిగతాది ఎందుకు కారలేదు?"

"గిన్నెలోని పాదరసం మీద గాలి మోపిన బరువు దీన్ని నిలబెడుతోంది."

"కాదు. పైన ఆ ఖాళీలో ఏదో భూతం ఉంది. అది జుట్టు పట్టుకుని పైకి లాగుతోంది. డిండిమా, లోపలికి వెళ్ళి చూసిరా."

కంటికి కనబడని డిండిముడనే భూతం సుయ్యిమంటూ గాజులో దూరింది. దూరినంత వేగంగానూ బయటికి వచ్చి, గురువు భుజం వెనక చేరి వణికింది. "అక్కడ ఏమీ లేదు స్వామీ. గాలి కూడా లేదు. నాకే భయమేసింది."

మాంత్రికుడి ముఖంలో కోపం పోయి ఆశ్చర్యం వచ్చింది. అది చూసి కల్హారదేవి ధైర్యం చేసింది. "ఇంకో పరీక్ష ఉంది. పైకి వెళ్ళే కొద్దీ మన నెత్తిమీద గాలి తగ్గుతుంది. నేను చెప్పింది నిజమైతే శిఖరం మీద పాదరసం ఇంకా దిగాలి. ఇక్కడి మట్టానికి ఎర్రదారం కడుతున్నాను. పైకి తీసుకుపోయి చూద్దామా?"

ఘర్ఘరుడు వేలికి ఉన్న నీలపు ఉంగరం రుద్దాడు. చందనపు పల్లకీ ఒకటి గుహలోకి తేలుతూ వచ్చింది. మోసేవాళ్ళు కనబడటం లేదు కాని, ఆయాసపడుతున్న చప్పుడు నాలుగు మూలల నుంచీ వినిపిస్తోంది. సోమలింగం కాళ్ళకు మామూలు రూపం వచ్చింది. ముగ్గురూ ఎక్కి, గిన్నెతో సహా గొట్టాన్ని పీటకు నిటారుగా బిగించి కట్టుకున్నారు.

పల్లకీ ఎగిరింది. అడవి పచ్చని తివాచీలా కిందికి జారిపోయింది. జలపాతాలు వెండిజరీ పోగులయ్యాయి. మబ్బు వడ్డాణంలోంచి దూసుకుపోతుంటే ముగ్గురి కనురెప్పల మీదా నీటిబొట్లు నిలిచాయి. మబ్బు దాటాక ఆకాశం ముదురు నీలంగా, గాజులా గట్టిగా కనిపించింది. కల్హారదేవి చూపు మాత్రం గొట్టం మీదే ఉంది. పల్లకీ ఎక్కుతున్న కొద్దీ పాదరసం దిగుతోంది. శిఖరం మంచుమీద పల్లకీ వాలేసరికి అది ఎర్రదారానికి చాలా కిందికి, నాలుగు వేళ్ళ మందాన దిగింది.

"దిగింది," అన్నాడు ఘర్ఘరుడు నెమ్మదిగా. తరవాత మంచులో కూర్చుని గడ్డం తడుముకున్నాడు. "అంటే ఇన్నాళ్ళూ నేను గాలి సముద్రం అడుగున కూర్చుని, పైన ఏదో ఉందని మంత్రాలు చదువుతున్నానన్నమాట." అతని కళ్ళల్లో పసివాడి సంబరం. డిండిముణ్ణి పిలిచి మళ్ళీ గొట్టంలోకి వెళ్ళమన్నాడు. డిండిముడు వినబడనట్టు ఊరుకున్నాడు.

పల్లకీ దిగింది. పాదరసం ఎక్కింది. గుహలో పీట దించి, ఊగడం ఆగిన తరవాత ముగ్గురూ వంగి చూశారు. పాదరసం ఎర్రదారాన్ని అందుకోలేదు. వేలి మందం కిందనే నిలిచిపోయింది.

ఘర్ఘరుడి సంబరం ఆవిరైంది. "చోటు అదే. గాలి అదే. మట్టం ఎందుకు మారింది? కనికట్టు చేసి నన్ను ఊరేగించావా?"

దండం కదిలింది. కల్హారదేవి పాదాలు బిగుసుకున్నాయి. చల్లని రాయి మోకాళ్ళు దాటి పైకి పాకుతోంది. ఆమె కదలకుండా గొట్టాన్నే చూస్తూ, "బాబాయ్, పైన ఖాళీలోకి గాలి చొరబడిందేమో చూడు. తొందరగా," అంది.

సోమలింగం గొట్టాన్ని మెల్లగా పక్కకు వంచాడు. పాదరసం పాకుతూ వెళ్ళి పై కొసకు ఠంగుమని కొట్టుకుంది.

"మోగిందమ్మా. లోపల గాలి ఉంటే మెత్తగా ఆగుతుంది, ఇలా మోగదు. నా గొట్టంలో తప్పు లేదు."

"అయితే తప్పు గొట్టంలో లేదు. మనం పైకి వెళ్ళి వచ్చేలోగా ఇక్కడి గాలే తేలికపడింది." రాయి నడుముదాకా వచ్చింది. "స్వామీ, తుఫాను వస్తోంది. ఎప్పుడూ ఇంత తొందరగా దిగడం నేను చూడలేదు. మా పడవలు ఈ ఉదయమే కడలిలోకి వెళ్ళాయి."

ఘర్ఘరుడు గుహ బయటికి చూశాడు. ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. "మబ్బే లేదు."

"కిందటేడు కూడా లేదు."

"తుఫాను రాకపోతే?"

"రాకపోతే మిగిలిన సగం కూడా రాయి చెయ్యండి. నేనే వచ్చి మీ గుమ్మం ముందు నిలబడతాను. ఇప్పుడు మాత్రం నన్ను వదలండి. పడవల్లో ఉన్నవాళ్ళ కోసం ఒడ్డున ఎదురుచూసేవాళ్ళున్నారు."

మాంత్రికుడు ఆమెనూ, పాదరసాన్నీ మార్చిమార్చి చూశాడు. తరవాత దండం ఒకసారి ఊపి ఆమె కాళ్ళకు మామూలు రూపం ఇచ్చి, దాన్ని చంకలో పెట్టుకుని, తనే ముందుగా పల్లకీ ఎక్కి కూర్చున్నాడు. "నడుము నొప్పిగా ఉంటుంది కాసేపు. రా, ఎక్కు. ఇది చూడకుండా నేను గుహలో కూర్చోలేను."

ఈసారి పల్లకీ గద్దలా దూసుకుపోయింది. కొండలు, కొబ్బరితోటలు, ఉప్పుమడులు గిర్రున వెనక్కి తిరిగాయి. కడలి అందంగా, ప్రశాంతంగా, నెమలి మెడ రంగులో పరుచుకుని ఉంది. దాని మీద ముత్యాల పడవలు వరసగా, తెల్లని తెరచాపలతో తూర్పుకు పోతున్నాయి. పల్లకీ మొదటి పడవ పక్కన నీళ్ళకు మూరెడు ఎత్తున ఆగింది. పడవల పెద్ద సరంగు పోలయ్య చుక్కాని వదిలి నోరు తెరిచాడు. ముసలివాడు. కిందటేటి తుఫానులో తమ్ముణ్ణి పోగొట్టుకున్నవాడు.

"సరంగు తాతా, పడవలు మళ్ళించు. తుఫాను వస్తోంది," అంది కల్హారదేవి.

వేషం చూసి అతడు తికమకపడినా ఆ గొంతును గుర్తుపట్టాడు. "చిన్నమ్మగోరా? ఆకాశం నిమ్మళంగా ఉంది గదమ్మా."

ఆమె వాదించలేదు. పీటను అంచుకు జరిపి గొట్టం చూపించింది. "గుహ దగ్గర ఈ ఎర్రదారం కట్టాను. ఇక్కడ, ఇంత కింద, కడలి మట్టాన పాదరసం దానికి పైకి ఎక్కి ఉండాలి. చూడు."

పాదరసం ఎర్రదారానికి కిందనే ఉంది. పోలయ్య చూస్తుండగానే ఇంకో వెంట్రుకవాసి దిగింది. అతడు గొట్టం నుంచి చూపు మరల్చి నీళ్ళవైపు చూశాడు. గాలి లేకుండానే పొడుగాటి అలలు ఒకదాని వెనక ఒకటి నిదానంగా వచ్చి పడవను ఎత్తి దించుతున్నాయి.

"పొద్దున్నుంచీ ఈ ఊపు నా మనసుకు బాగోలేదు తల్లీ. ఎవరికి చెప్పినా ముసిలోడి చాదస్తం అంటారని ఊరుకున్నాను," అని, శంఖం తీసి పూరించాడు.

ఒక్కొక్క పడవే తెరచాప తిప్పింది. తెల్లని వరస అంతా విల్లులా వంగి ఒడ్డువైపు మళ్ళింది. పడవల మీంచి మనుషులు చేతులూపారు. వాళ్ళలో నవ్వేవాళ్ళూ, గొణిగేవాళ్ళూ ఉన్నారు, కాని మళ్ళనివాళ్ళు లేరు. సోమలింగం ధోవతి కొసతో కళ్ళు తుడుచుకుంటూ ఉప్పుగాలి పడలేదన్నాడు. కల్హారదేవికి ఒళ్ళంతా తేలికైపోయింది. ఘర్ఘరుడు పడవలను వేళ్ళమీద లెక్కపెట్టి, లెక్క తప్పి, మళ్ళీ మొదలుపెట్టి, హాయిగా తలాడించాడు.

"అందరూ వచ్చినట్టేనా తాతా?"

పోలయ్య ముఖం వాడిపోయింది. "మా మనవరాలు సన్నెమ్మ పడవ ముందుకెల్లిపోయిందమ్మా. దాని దూకుడు మీకు తెల్దు. అందరికంటే ముందు ముత్యాలకు మునగాలని తెల్లారకముందే తెరచాప ఎత్తేసింది. అందులో ఆరుగురు ఆడపిల్లలున్నారు."

తూర్పున, నీటికీ నింగికీ నడుమ, బియ్యపుగింజంత తెరచాప. దానికి ఆవల, కాటుకవేలితో అడ్డంగా గీసినట్టు ఒక నల్లని గీత. ఇందాక అక్కడ ఆ గీత లేదు.

"మబ్బు ఉంది," అన్నాడు ఘర్ఘరుడు మెల్లగా. పందెం ఓడినందుకు అతని గొంతులో విచారమేమీ లేదు. నాలుగు మూలలకూ తిరిగి, "ఒరేయ్, ఈ పని చేస్తే మీ నలుగురికీ చెర విడుదల," అన్నాడు. పల్లకీ ఒక్కసారిగా విల్లు విడిచిన బాణమైంది.

పక్కగాలి మొదలైంది. అలల మీద తెల్లని నురగ లేస్తోంది. సోమలింగం పీటను రెండు కాళ్ళమధ్య బిగించుకుని గొట్టాన్ని గుండెకు హత్తుకున్నాడు. బియ్యపుగింజ మల్లెమొగ్గ అయింది, మల్లెమొగ్గ కొంగ అయింది. పడవలో మనుషులు కనబడ్డారు. కల్హారదేవి పల్లకీ అంచు పట్టుకుని ముందుకు వంగి, "సన్నెమ్మా, వెనక్కి తిప్పు," అని గొంతు చించుకుని అరిచింది. గాలి ఆ మాటను పక్కకు విసిరేసింది.

పడవలో ఒక పిల్ల తలెత్తి చూసింది. పొడుగాటి గడ్డంవాడితో, మోసేవాళ్ళు లేని పల్లకీ ఒకటి ఆకాశంలోంచి తమ మీదికే దిగుతోంది. పిల్ల కెవ్వుమంది. దయ్యమే వెంటబడిందనుకుని సన్నెమ్మ చుక్కాని మీద పడి, రెండో తెరచాపను కూడా విప్పేసింది. పడవ ముక్కు పైకి లేపి, పల్లకీకి అందకుండా, సరిగ్గా ఆ నల్లని గీతవైపే దూసుకుపోయింది.